వార్డు మీటింగ్ నోటీసు ముందురోజు రాత్రి అంటిస్తే చెల్లుతుందా?

నాగోలు టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో నాగోలు వైపు ఒక పాత కాలనీలో ఉంటాం. ఏ ఆఫీసు, ఏ అధికారి అన్నది రాయను. ఎవరినో రచ్చకీడ్చాలని కాదు, పద్ధతి ఏమిటో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మా కాలనీ మధ్యలో లేఅవుట్ వేసిన నాటి నుంచి ఒక పార్కు ఉంది. పెద్దదేమీ కాదు. రెండు వేప చెట్లు, ఒక కానుగ, పిల్లలు ఆడి ఆడి గడ్డి మొలవని చోటు. సాయంత్రం ఆడవాళ్లం నడిచేది అక్కడే, ఎందుకంటే బయట మెయిన్ రోడ్డు మీద ఫుట్‌పాత్ అన్నదే లేదు. పోయిన నెల టేపు, సున్నం డబ్బా పట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చి పార్కులో కొలతలు వేయడం మొదలుపెట్టారు. ఏంటని అడిగితే "సగం జాగాలో కమ్యూనిటీ హాలు వస్తుందమ్మా, మీటింగ్‌లో ఓకే అయింది, మీ కాలనీ వాళ్లు కూడా ఉన్నారంట కదా" అన్నారు. ఏ మీటింగో మాలో ఎవరికీ తెలియదు.

ఆఫీసుకు వెళ్లి అడిగితే ఒక కాగితం చూపించారు. ఏ4 షీటు, అంతా ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. మంగళవారం ఉదయం 11 గంటలకు మీటింగ్. కాగితం మీద తేదీ నాలుగు రోజుల ముందుది. కానీ ఆఫీసు ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన చెప్పేదేంటంటే, సోమవారం చీకటి పడ్డాక తాళం వేసి వెళ్తూ తలుపుకు అంటించారని. ఎజెండాలో వీధి దీపాలు, డ్రైనేజీ, దోమల మందు ఉన్నాయి. పార్కు మాట ఎక్కడా లేదు. చిట్టచివర "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" అని ఒక లైను ఉంది. మా పార్కు అందులోకి వచ్చిందట! మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో జరిగింది రాసే రికార్డులో, "స్థానికుల నుంచి ఎలాంటి అభ్యంతరం రాలేదు" అని రాసుకున్నారు.

మంగళవారం 11 గంటలకు నేను ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతుంటాను. కాలనీలో చాలామంది ఉద్యోగాలకో షాపులకో వెళ్లిపోయే టైము అది. ఇంట్లో ఉండే పెద్దవాళ్లలో ఇంగ్లీషు చదివేవాళ్లు తక్కువ, కొందరికి తెలుగు వస్తుంది, కొందరికి ఉర్దూ వస్తుంది. మమ్మల్ని పిలవకుండా మీటింగ్ పెట్టి, మేము అభ్యంతరం చెప్పలేదని రాయడం చూస్తే కడుపు మండిపోయింది.

ఇలాంటి మీటింగ్‌కు ఇన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చట్టంలో ఉందా? ఎజెండాలో లేని విషయం మీద తీర్మానం చేయొచ్చా? మేమిప్పుడు హాలు వద్దని కొట్లాడాలా, అసలు మీటింగే చెల్లదని అనాలా? కాలనీలో రోజూ ఇదే చర్చ, అందరికీ టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

రామంతాపూర్ తమ్ముడు

టీచర్ గారూ, ముందు ఆ నోటీసు, మినిట్స్ రెండూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు అదే కాగితం ఉంటుందని గ్యారంటీ లేదు. సోమవారం అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి కాలనీ వాళ్లు ఓ పదిమంది కలిసి వెళ్లండి. నోటిమాటగా చెప్పి రాకండి, దరఖాస్తు ఇచ్చి నంబరు తీసుకోండి. సున్నం గీతల ఫొటోలు కూడా జతచేయండి. ఇస్త్రీ ఆయన్ని మాత్రం ఇందులోకి లాగొద్దు మేడమ్, ఆయన రోజూ ఆ ఆఫీసు ముందే బతకాలి.

రిటైర్డ్ సూపరింటెండెంట్

అమ్మా, నేను మున్సిపల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం మీటింగ్ సెక్షన్‌లోనే గడిచింది. ఎజెండాలు టైపు చేయించడం, నోటీసులు పంపడం, మినిట్స్ బుక్కు రాయడం నా పని. అందుకే మీ మూడో ప్రశ్న నుంచి మొదలుపెడతాను.

హాలు మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి ఇప్పుడే దిగకండి. దిగితే రెండు వారాల్లో కాలనీ రెండు వర్గాలవుతుంది. పెళ్లిళ్లకు హాలు కావాలనేవాళ్లు కూడా మీలోనే ఉంటారు, వాళ్ల అవసరమూ నిజమే. ఆఫీసుకు కావలసింది కూడా ఆ చీలికే. మీరు అడగాల్సింది ఒక్కటే: నోటీసు ఇచ్చినట్టు రుజువు చూపించండి. హాలు మీద ఎన్ని అభిప్రాయాలైనా ఉండొచ్చు. నోటీసు రుజువు మాత్రం ఫైల్లో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

ఆ రుజువు ఎలా ఉంటుందో చెబుతాను. మీటింగ్ పెట్టాలంటే ముందు నోట్ ఫైలు, అంటే ప్రతిపాదన, అధికారుల అనుమతి రాసే ఫైలు, నడుస్తుంది. ఎజెండా మీద అధికారి సంతకం పడ్డాక నోటీసుకు నంబరు వేస్తారు, అది బయటికి పంపే కాగితాలు రాసుకునే డిస్పాచ్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. సభ్యులకు పంపితే అందినట్టు వాళ్ల సంతకాలుంటాయి. బోర్డు మీదో గోడ మీదో అంటిస్తే, అంటించిన అటెండరో బిల్ కలెక్టరో "ఫలానా తేదీన ఫలానా చోట అంటించితిని" అని వెనకాల రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని రిపోర్టు ఇస్తాడు. నేను చేరిన కొత్తలో ముఖ్యమైన వాటికి టాంటాం వేయించేవాళ్లం. డప్పు కొట్టినాయన ఏ వీధిలో మొదలుపెట్టి ఏ వీధిలో ముగించాడో రాసి, ఆయనకిచ్చిన కూలి వోచరు మీద వేలిముద్ర వేయించి ఫైల్లో పెట్టేవాళ్లం. ఆడిట్ వాళ్లు వచ్చి అడిగేది ఆ వోచరే. చాటింపు జరిగిందనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

కాబట్టి నోటీసు మీద టైపు చేసిన తేదీకి విలువ లేదు. అది ఏ రోజైనా వేసుకోవచ్చు. డిస్పాచ్ నంబరు ఏ రోజుది, అంటించిన రిపోర్టు ఏ రోజుది అన్నదే లెక్క. రామంతాపూర్ తమ్ముడు చెప్పింది సరైన మాట, ఇస్త్రీ ఆయన్ని సాక్షిగా నిలబెట్టే అవసరమే లేదు. రిజిస్టరే సాక్ష్యం చెబుతుంది.

ఇక ఎన్ని రోజులు అన్న ప్రశ్న. దీనికి ఒకే అంకె లేదు. కార్పొరేషన్ కౌన్సిల్ వేరు, స్టాండింగ్ కమిటీ వేరు, వార్డు కమిటీ వేరు, ప్రజాభిప్రాయ సేకరణ వేరు. దేని నిబంధన దానిదే. రాజ్యాంగంలో 74వ సవరణతో వచ్చిన 243ఎస్ అధికరణ, 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. మన దగ్గర 2020 అక్టోబరులో జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగర కార్పొరేషన్) చట్టాన్ని సవరించి వార్డుకు నాలుగు కమిటీలన్నారు: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. మీరు చూసిన మినిట్స్ ఇందులో దేనివి? ఏ నిబంధన కింద ఆ మీటింగ్ పిలిచారో వాళ్ల చేతే కాగితం మీద రాయించాలి. ఆ ఒక్క జవాబు వస్తే గడువు ఎంతో అదే తేలిపోతుంది. నిబంధనేదీ లేదంటే, అది అధికారికంగా దేనికీ లెక్కలోకి రాని మీటింగ్. అందులో ఎవరూ అభ్యంతరం చెప్పలేదన్న మాటకు బలం ఎక్కడిది?

జనానికి తెలియజేయడం అంటే ఎలా ఉండాలో చట్టానికి బాగా తెలుసు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 తీయండి. ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌లో వేయాలి, ఆ ప్రాంతంలో వచ్చే రెండు దినపత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి స్థానిక భాషది కావాలి. పంచాయతీ లేదా మున్సిపాలిటీలోనూ, కలెక్టర్, ఆర్డీవో, తహసీల్దార్ ఆఫీసుల్లోనూ స్థానిక భాషలో పెట్టాలి, వెబ్‌సైట్‌లో పెట్టాలి. తర్వాత అభ్యంతరాలకు 60 రోజులు. ఫ్యాక్టరీలకు పర్యావరణ అనుమతి ఇచ్చేముందు జరిగే బహిరంగ విచారణకైతే 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి, విచారణ మొత్తం వీడియో తీయాలి. మీ పార్కుకు ఈ రెండూ వర్తించవు, వాటిని పట్టుకుని వాదించకండి. కానీ రాత్రి తలుపుకు అంటించిన ఇంగ్లీషు కాగితాన్ని ఎవరైనా "నోటీసు" అంటే, ఈ రాష్ట్రంలోనే అమల్లో ఉన్న ఈ పద్ధతిని ఆ కాగితంతో పోల్చి చూపించండి.

ఎజెండాలోని చివరి లైను గురించి. "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" అన్నది ఎవరైనా చనిపోతే సంతాపం తెలపడానికి, అప్పటికప్పుడు పైపు పగిలితే చెప్పుకోవడానికి పెట్టుకున్న కిటికీ. అందులోంచి ఒక బిల్డింగే లోపలికి రావడం నాకు బాధగా ఉంది. మా సెక్షన్‌లో అలాంటి అంశం వస్తే వచ్చే మీటింగ్ ఎజెండాకు వేసేవాళ్లం.

నాగోలు టీచర్

చాలా థ్యాంక్స్ సార్. ఫొటో తీసిన మినిట్స్ మళ్లీ చూశాను. పైన "వార్డు స్థాయి సంప్రదింపుల సమావేశం" అని మాత్రమే ఉంది. ఏ చట్టం, ఏ కమిటీ అన్నది లేదు. హాజరు పట్టికలో సంతకాలున్నాయి కానీ ఇంటి నంబర్లు లేవు, ఫోన్ నంబర్లు లేవు. మా అసోసియేషన్ లిస్టుతో పోల్చి చూస్తే ఒక్క పేరూ కలవడం లేదు. వాళ్లు వేరే వీధివాళ్లు కావచ్చు, ఎవరినీ తప్పు పట్టట్లేదు. కానీ వాళ్లను "స్థానికులు" అని ఎలా అంటారు?

ఫ్రీమాంట్ నుంచి

మాది ఉప్పలే, ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంటున్నాం. పరాయి దేశం పద్ధతి మీ పార్కుకు పనికిరాదని తెలుసు, కానీ ఎజెండా సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

ఇక్కడ 1953లో వచ్చిన బ్రౌన్ యాక్ట్ అని ఉంది. సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు లాంటివన్నీ దాని కిందకే వస్తాయి. మామూలు మీటింగ్ అయితే ఎజెండాను 72 గంటల ముందు జనం ఎప్పుడైనా వెళ్లి చూడగలిగే చోట పెట్టాలి, వెబ్‌సైట్ ఉంటే అందులోనూ పెట్టాలి. ప్రత్యేక మీటింగ్ అయితే 24 గంటలు. తాళం వేసిన బిల్డింగ్ లోపల బోర్డుకు తగిలిస్తే కుదరదు. ప్రతి అంశానికీ చిన్న వివరణ ఉండాలి, మామూలుగా 20 పదాలు దాటనక్కర్లేదని చట్టంలోనే రాసి ఉంది. ఎజెండాలో లేని అంశం మీద, కొన్ని మినహాయింపులు తప్ప, చర్చించకూడదు, నిర్ణయం తీసుకోకూడదు. జనంలోంచి ఎవరైనా లేచి అడిగితే క్లుప్తంగా జవాబిచ్చి, తర్వాతి మీటింగ్‌కు వేసుకుంటారు.

మా పిల్లల స్కూలు దగ్గర సిగ్నల్ విషయంలో నేనే వెళ్లి మాట్లాడాను. ఎజెండా ఇంట్లో కూర్చుని చదువుకుని, ఏ నంబరు అంశమో రాసుకుని వెళ్లాను. 20 పదాలు ముందుగా కళ్లపడితే మనిషి ఎంత ధైర్యంగా మాట్లాడగలడో అప్పుడు అర్థమైంది. మన ఊళ్లో కూడా ఇది రావాలి. ఇందులో డబ్బు ఖర్చు అసలు లేదు.

ఇంకో విషయం. ఇక్కడ రూలు తప్పితే నేరుగా కోర్టుకెళ్లి ఆ నిర్ణయాన్ని రద్దు చేయమనలేరు. ముందు "మీ తప్పు సరిదిద్దుకోండి" అని ఆ బోర్డుకే రాతపూర్వకంగా ఇవ్వాలి. సూపరింటెండెంట్ గారు చెప్పిన దారి కూడా నాకు అలాగే అనిపించింది.

శంకర్‌పల్లి వైపు రైతు

టీచరమ్మా, సిటీలో ఉన్న మీకంటే ఈ విషయంలో మా ఊళ్లే నయం. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. కోరం, అంటే సభ చెల్లాలంటే కనీసం ఎంతమంది రావాలో, అది కూడా ఓటర్లను బట్టి రాసిపెట్టారు. 500 మంది లోపు ఓటర్లుంటే 50 మంది రావాలి, 10 వేలు దాటితే 400 మంది. ఇన్ని సంతకాలు కావాలంటే జనానికి చెప్పక తప్పదు. మా దగ్గర ముందురోజు మైకు కట్టిన ఆటో తిరుగుతది, వాట్సాప్ గ్రూపులో వేస్తరు, సెక్రటరీ బోర్డు మీద చాక్‌పీసుతో రాస్తడు. అన్నీ సక్కగా జరుగుతయని అనను, రిజిస్టర్ ఇంటింటికీ పంపి సంతకాలు చేయించుకున్న ఊళ్లూ ఉన్నయి. కానీ మా ఊరి చెరువు కట్ట పక్కన షెడ్డు వేస్తమన్నప్పుడు, కోరం లేదని ఒక ముసలాయన లేచి నిలబడి తలలు లెక్కపెట్టిండు. సభ వాయిదా పడ్డది. మీ వార్డు మీటింగ్‌కు ఎంతమంది రావాలో అడగండి.

హైకోర్టు లాయర్

సూపరింటెండెంట్ గారితో నాది ఒకే ఒక్క చోట తేడా. ఆయన చెప్పినట్టు రుజువు అడగడం మంచిదే, కానీ పునాది తవ్వడం మొదలైతే జవాబు కోసం ఆగకండి. అప్పుడు రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి, పనులు ఆపమని స్టే అడగాలి. సగం గోడ లేచాక ఏ కోర్టుకైనా కూల్చమనడం కష్టం.

పార్కు విషయంలో మీకు గట్టి ఆధారం ఉంది. బెంగళూరులో లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుకోవడానికి ఒక ట్రస్టుకు ఇచ్చేశారు. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లే కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. పార్కు మీద అక్కడ నివసించేవాళ్లకు కోర్టుకెళ్లే హక్కు ఉందని స్పష్టంగా చెప్పింది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ ముద్దప్ప అని వెతికితే దొరుకుతుంది. మన దగ్గర 1985 నాటి పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ జాగాల పరిరక్షణ చట్టం కూడా ఉంది. మీ లేఅవుట్ మంజూరు ప్లాన్ కాపీ సంపాదించండి. అందులో ఆ స్థలం పార్కు అని రాసి ఉంటే సగం పని అయిపోయినట్టే.

రిటైర్డ్ సూపరింటెండెంట్

లాయర్ గారి మాట వినండి అమ్మా, తవ్వకం మొదలైతే ఆగొద్దు. ఈలోగా రెండు కాగితాలు ఒకేరోజు ఇవ్వండి. ఒకటి అభ్యంతర పత్రం: మాకు నోటీసు అందలేదు, ఎజెండాలో పార్కు లేదు, తీర్మానాన్ని పక్కన పెట్టి సరైన నోటీసుతో మళ్లీ మీటింగ్ పెట్టేదాకా పనులు ఆపండి అని. కాలనీలో ఎంతమంది వీలైతే అంతమంది ఇంటి నంబరుతో సంతకం చేయండి. హాలు కావాలనేవాళ్లు కూడా దీని మీద సంతకం పెట్టొచ్చు, ఎందుకంటే ఇందులో హాలు వద్దని ఎక్కడా లేదు.

రెండోది సమాచార హక్కు దరఖాస్తు. "ఎందుకు చేశారు", "ఇది న్యాయమా" అని అందులో రాయకండి, అలాంటివాటికి జవాబు రాదు. రికార్డు మాత్రమే అడగాలి. ఇలా రాయండి:

"సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. ఫలానా తేదీన జరిగిన వార్డు స్థాయి సంప్రదింపుల సమావేశానికి సంబంధించి ఈ క్రింది రికార్డుల నకళ్లు ఇప్పించగలరు. సమావేశం ఏ చట్టం, ఏ నిబంధన కింద ఏర్పాటు చేశారో తెలిపే ఉత్తర్వు. ఎజెండా ఆమోదించిన నోట్ ఫైలు. నోటీసు నంబరు నమోదైన డిస్పాచ్ రిజిస్టర్ పేజీ. నోటీసు ఎక్కడెక్కడ, ఏ తేదీన అంటించారో తెలిపే రిపోర్టు, సాక్షుల సంతకాలతో సహా. హాజరు పట్టిక. మినిట్స్. పార్కు స్థలానికి సంబంధించిన మంజూరైన లేఅవుట్ ప్లాన్. సెక్షన్ 2(జె) ప్రకారం పై ఫైలును స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలుపగలరు."

దీనికి ఇంకొక్క వాక్యం కలపండి. అదే చట్టం సెక్షన్ 4(1)(బి)లో ఎనిమిదో అంశం కింద, తమ బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీల మీటింగ్‌లకు జనం రావచ్చా, మినిట్స్ జనానికి అందుబాటులో ఉంటాయా అన్నది ప్రతి ఆఫీసూ ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ఆ ప్రకటన కాపీ అడగండి. మీటింగ్ సెక్షన్‌లో పనిచేసినవాడిగా చెబుతున్నా, ఈ వాక్యం చూస్తే ఎదుటివాడు కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. ఫైలు చూడటానికి పిలిస్తే ఇద్దరు వెళ్లండి, ఒకరు చదవడానికి, ఒకరు రాసుకోవడానికి. డిస్పాచ్ రిజిస్టర్‌లో మీ నోటీసు నంబరుకు ముందు నంబరు, తర్వాతి నంబరు ఏ తేదీల్లో ఉన్నాయో తప్పకుండా రాసుకోండి. మధ్యలో ఇరికించిన ఎంట్రీ అయితే అక్కడే తెలిసిపోతుంది.

నాగోలు టీచర్

ఈ ఆదివారం పార్కులోనే అందరం కూర్చుని సంతకాలు తీసుకుంటున్నాం సార్. ఈ ఆదివారం కూర్చునే సంగతి తెలుగులో, ఉర్దూలో కాగితం రాసి ప్రతి ఇంటి గేటుకూ ఇప్పుడే అంటించి వచ్చాం, ఇంకా ఐదు రోజుల టైముంది. రెండు కాగితాలూ సోమవారం ప్రజావాణిలో ఇచ్చి, ఇన్వర్డ్ నంబర్లు ఇక్కడ పెడతాను.